కదలని సైకిలుకు సీటు ఎత్తెంత?

నేను ఏడో తరగతి వరకు చదివాను. ఎనిమిదిలోకి నన్ను పంపకూడదని మా లెక్కల సారు అనుకున్నారు. పోకూడదని నేనూ అనుకున్నాను. మా ఇద్దరికీ అభిప్రాయం కలిసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా కర్నూలు, కడప జిల్లాల్లో చక్రాలను నమ్ముకుని బతికాను. మొదటి ముప్పై ఏళ్ళూ మామూలు సైకిలు చక్రాలు. చివరి పదకొండేళ్ళూ ఎంత తిరిగినా ఎక్కడికీ పోని చక్రాలు, అంటే ఇళ్ళల్లో నిలబెట్టి తొక్కే వ్యాయామ సైకిళ్ళవి. నాకు బాగా నప్పింది రెండో పనే. నేనూ అంతే గదా, చాలా తిరిగాను, ఎక్కడికీ పోలేదు.

ఈ బిగింపు పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళ కోసం, ఇంట్లో ఒక సైకిలు కొని దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక మనిషి మోకాలిని నేను ఎట్లా పాడుచేశానో, అది బాగయ్యాక ఆ ఘనత నాదేనని ఎట్లా చెప్పుకు తిరిగానో చెబుతాను. అంతకుమించి ఇందులో నీతి వెతకొద్దు. దొరికితే మాత్రం నాకూ చెప్పండి.

నా చదువంతా కర్నూలు పాతబస్తీలో, గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే ఒక షాపులో జరిగింది. ఆ షాపు ఉస్తాద్ గడ్డానికి గోరింటాకు పెట్టుకునే పెద్దమనిషి. సైకిలు ఎవరికిచ్చినా ముందు ఆ మనిషిని సీటు మీద కూర్చోబెట్టేవాడు. కూర్చున్నాక, "కాలు ఆన్తాందా?" అని అడిగేవాడు. రెండు పాదాలూ నేలకు బల్లపరుపుగా ఆనాలి. ఆనకపోతే సీటు కింది నట్టు వదులు చేసి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, సీటును కిందికి దించేవాడు. కారణం సులభం. బజార్లో గేదె అడ్డం వస్తుంది, జట్కా అడ్డం వస్తుంది, ఒక్కోసారి బంధువులు అడ్డం వస్తారు. టక్కున ఆగినప్పుడు కాలు ఆనకపోతే మనిషి పడతాడు. మనిషి పడితే హ్యాండిలు వంకర పోతుంది. ఉస్తాద్ బాధంతా ఆ హ్యాండిలు గురించే. మోకాళ్ళు వాళ్ళవి, హ్యాండిలు మాది.

కాలు ఆనాలి అన్న ఆ ఒక్క సూత్రం నా తలలోకి ఎంత లోతుగా దిగిందంటే, పెళ్ళిచూపుల్లో కుర్చీలో కూర్చున్న అమ్మాయి కాళ్ళు నేలకు ఆనుతున్నాయా లేదా అని కూడా చూశాను. ఆనలేదు. అయినా చేసుకున్నాను.

తర్వాత ఊళ్ళో అందరికీ మోటారు సైకిళ్ళు వచ్చాయి. అద్దె సైకిళ్ళు తుప్పు పట్టాయి, ఉస్తాద్ పోయాడు, షాపు పోయింది. నాకు నలభై అయిదేళ్ళు వచ్చేసరికి చేతిలో మిగిలింది పాత స్పానర్ల సంచి ఒక్కటే. అప్పుడు పిలిచాడు మా ఓనరు. వేరుశెనగ వేసి వేసి, వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడ నొప్పి పుట్టిన రైతుల ఇంటి బిడ్డ. పొలం కౌలుకిచ్చి కర్నూల్లో వ్యాయామ సామాన్ల షాపు పెట్టాడు, కడపలో ఇంకొకటి తెరిచాడు. జనం డబ్బులిచ్చి ఇంట్లో చెమట తెచ్చుకుంటారని అతనికి ఎవరు చెప్పారో తెలియదు గానీ, చెప్పినవాళ్ళు సరిగ్గానే చెప్పారు.

"నాకు అద్దె సైకిళ్ళే తెలుసు రెడ్డీ, ఈ కరెంటు మిషన్లు, బొమ్మల మిషన్లు తెలీవు," అన్నాను.

"సైకిలంటే సైకిలే గదప్పా! అదీ తొక్కేదే, ఇదీ తొక్కేదే," అన్నాడు.

అతను నాకు ఇచ్చిన బనీను మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉండేది. నేను తొడుక్కున్నాక ఆ బొమ్మకు కూడా పొట్ట వచ్చింది.

పని పెద్ద కష్టం కాదు. అట్టపెట్టె కోసి, అందులో ఉన్న పుస్తకాన్ని గచ్చు మీద పరిచి, నట్లూ బోల్టులూ దాని మీద పోసేవాణ్ణి. అవి దొర్లి మంచం కిందికి పోకుండా ఆ పుస్తకం భలే పనికొచ్చేది. మొదటి ఎనిమిదేళ్ళలో దాని అట్ట తప్ప లోపలి పేజీ నేను చూడలేదు. ఆ అట్టను కూడా బోల్టుల సందులోంచే చూశాను. ముప్పావు గంటలో సైకిలు నిలబడేది. అప్పుడు ఇంటాయన్నో ఇంటామెనో ఎక్కించి, "కాలు ఆనిందా?" అనేవాణ్ణి. ఆనిందంటే అయిపోయినట్టే. ఆనలేదంటే సీటు దించి అరచేత్తో రెండు దెబ్బలు. పోతూ పోతూ పెడలు బరువు పెంచే తిప్పుడు గుండీని ఒక చుట్టు బిగించి, "గట్టిగా ఉంటేనే కండ పడేది" అని చెప్పేవాణ్ణి. ఈ చివరి ముక్క ఉస్తాద్ నేర్పింది కాదు, నా సొంత తెలివి. ఉస్తాద్‌ను అనవసరంగా నిందించడం నాకు ఇష్టం లేదు.

నెల తిరక్కుండా ఫోన్లు వచ్చేవి. అందరిదీ ఒకటే మాట, మోకాళ్ళు నొప్పి. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. "కొత్తలో అట్లే ఉంటాది సార్." "ఇన్నాళ్ళూ సోఫాలో కుచ్చున్న మోకాలు, ఇప్పుడు లేపితే కోపం రాదా?" వాళ్ళు నవ్వేవాళ్ళు, ఫోను పెట్టేసేవాళ్ళు. ఆ తర్వాత సైకిలు తొక్కడం మానేసేవాళ్ళు. మనుషులకు పట్టుదల లేదని నేను జాలిపడేవాణ్ణి.

అట్లా జాలిపడుతున్న రోజుల్లోనే కల్లూరు నుంచి ఒక బేరం వచ్చింది. కొత్త ఇళ్ళ మధ్య, షేర్ ఆటోలు మలుపు తిరిగే చోట ఒక బస్సు డ్రైవరు ఇల్లు. మనిషికి యాభై నిండలేదు. పద్దెనిమిదేళ్ళుగా మంత్రాలయం రూటులో బస్సు తోలుతున్నాడు. ఒక వానరోజు బస్సు దిగుతుంటే మెట్టు మీద చెప్పు జారి ఎడమ మోకాలు మెలిపడింది. ఎడమ కాలంటే క్లచ్చి తొక్కే కాలు. ఆపరేషను అక్కర్లేదు, కండ బలపడాలి, రోజూ కాసేపు కూర్చుని సైకిలు తొక్కు అన్నారు డాక్టర్లు. రెండు నెలలకు పరీక్ష. వాళ్ళ ముందు గుంజీలు తీసినట్టు కూర్చుని లేవాలి, మెట్టెక్కి దిగాలి. పనికొస్తాడంటే స్టీరింగు ఇస్తారు. పనికిరాడంటే డిపో గేటు దగ్గర కూర్చోబెడతారు, వచ్చే పోయే బస్సుల నంబర్లు రాసుకోవాలి.

నేను అట్టపెట్టె కోస్తుంటే అతను పక్కన కుర్చీలో కూర్చుని చెప్పాడు. "జీతం యాడికీ పోదన్నా. గేటు కాడ కుచ్చుంటే గూడా ఇస్తారు. అది కాదు. నా బండి ఇంగొకడు తోల్కోని పోతాంటే, నేను గేటు కట్టె పైకెత్తి దోవ ఇయ్యల్ల. అది నా చేత కాదు."

ఇంటామె కుట్టుపని చేస్తుంది. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషను. దాని పక్కనే సైకిలు నిలబెట్టాను. అతను ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే చెయ్యి సీటు కిందికి పోయింది. డ్రైవర్లకు అది అలవాటు, ఏ సీట్లో కూర్చున్నా ముందు కింద మీట కోసం వెతుకుతారు.

"సీటు రోంత పైకి ల్యాపన్నా. మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టుండాయి," అన్నాడు.

"కాళ్ళు ఆన్తాండాయా?"

"ఆన్తాండాయి. అయితే..."

"అప్పా, నువ్వు బస్సు తోలేవానివి, నేను సైకిలోన్ని. నేనెప్పుడన్నా వచ్చి నీ గేరు మార్చినానా?"

పకపకా నవ్వాడు. ఇక సీటు మాట ఎత్తలేదు. ఆ జోకు చాలా బాగా పేలింది, ఇబ్బందంతా అక్కడే. నేను చేసిన పెద్ద తప్పులన్నింటికీ ముందు ఒక మంచి జోకు ఉంటుంది. ఇంటామె మిషను ఆపి మా వైపే చూసింది. నోట్లో గుండుసూదులు పట్టుకుని ఉంది కాబట్టి ఏమీ అనలేదు. నా అదృష్టం అనుకున్నాను, కానీ అది డ్రైవరు దురదృష్టం.

గుండీ ఒక చుట్టు బిగించాను. అతనికి ఉన్న తొందర చూసి ఇంకో అర చుట్టు బిగించాను.

పది రోజులకు ఫోను వచ్చింది, మోకాలి చిప్ప కింద పోటు పొడుస్తోందట. వెళ్ళి చక్రానికి నూనె పోశాను. మూడు వారాలకు మళ్ళీ ఫోను. ఈసారి పెడళ్ళు మార్చాను, భయపడి నిదానంగా తొక్కుతున్నావు కాబట్టే నొప్పి అని ధైర్యం చెప్పాను. పాపం, ధైర్యంగా తొక్కాడు. నెల దాటేసరికి మోకాలు పక్కన జామకాయంత వాపు. ఓనరుకు చెబితే, "మోకాలికి తొడుక్కునే తొడుగులు మన కాడ ఉండాయి గదప్పా, ఒగటి ఇచ్చి రా," అన్నాడు. ఇచ్చి వచ్చాను. వాపు కనపడకుండా పోయింది, తొడుగు కిందికి.

గమనించండి తమ్ముళ్ళూ. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ సైకిలునే చూశాను. దాని మీద కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాత ఒకరోజు సామాను ఆటోలో డిపో ముందు నుంచి పోతున్నాను. గేటు పక్కన చిన్న రేకుల గది, అందులో ఒక స్టూలు, స్టూలు మీద మా డ్రైవరు, ఒళ్ళో పెద్ద పుస్తకం. ఆటో ఆపించి దిగాను. నోరు ఊరుకోదు గదా.

"ఏమప్పా, ఆఫీసరు ఉద్యోగం వచ్చినట్టుండాదే! ఈడ్నుంచి అందర్నీ నువ్వే పంపిస్తాండావు!"

అతను నవ్వలేదు. కోప్పడలేదు కూడా. "డాక్టర్లు కుచ్చోమన్నారు, కుచ్చున్న్యా. లెయ్యమన్నారు, లెయ్యలేకపోతి. మేజాబల్ల పట్టుకోని లేసినా. మూడు నెలలు ఆగి మల్ల రమ్మన్నారు. ఆ తూరి గూడా ల్యాకుంటే ఇంగ ఈడ్నే," అన్నాడు.

అప్పుడే లోపలి నుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. ముందు అద్దం మీద మంత్రాలయం అని బోర్డు. దాన్ని తోలుతున్న కుర్ర డ్రైవరు హారను కొట్టి, మర్యాదగానే, "అన్నా, గేటన్నా," అన్నాడు. మా డ్రైవరు ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి, ఇంకో చెయ్యి గోడకు పెట్టి లేచాడు. కట్టె పైకెత్తాడు. బస్సు పోయింది. మళ్ళీ గోడ పట్టుకుని కూర్చుని పుస్తకంలో నంబరు రాశాడు. ఆ నంబరు అతనికి పద్దెనిమిదేళ్ళుగా కంఠస్థమే, అయినా బస్సు వెనకవైపు చూసి చూసి రాశాడు.

నేను ఆటో ఎక్కాను. ఆటోవాడు ఏమో అడిగితే, పోనియ్యప్పా అన్నాను. నాతో వచ్చినప్పుడల్లా నవ్వీ నవ్వీ అలవాటుపడ్డవాడు, ఒంట్లో బాగలేదేమోనని సోడా ఇప్పించాడు.

ఆ వచ్చే ఆదివారం పొద్దున, ఎవరూ పిలవకుండానే కల్లూరు వెళ్ళాను. డ్రైవరు ఇంట్లోనే ఉన్నాడు. ఇంటామె మిషను మీద ఉంది. నన్ను చూడగానే నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. అది చూసి నాకు కొంచెం భయం వేసింది.

"రాన్నా రా. నూనె తెచ్చినావా? ఈ తూరి ఆయప్ప మోకాల్లో పోస్తావా?"

"తెచ్చల్యామ్మా. ఊరికే చూసి పోదామని వచ్చినా. అప్పా, రోంత ఎక్కి తొక్కు, నేను పక్కన నిలబడి చూస్తా."

ఎక్కి తొక్కాడు. మొదటిసారి మనిషిని చూశాను. పెడలు పైకి వచ్చినప్పుడల్లా మోకాలు ముడుచుకుని పొట్టలోకి వస్తోంది. కిందికి పోయినప్పుడు కూడా కాలు సాగడం లేదు, సగంలోనే ఆగిపోతోంది. నేల మీద గొంతుకూర్చుని బస్సు తోలుతున్నట్టుంది. ముఖంలో నొప్పి తెలుస్తోంది గానీ ఆపమని నేను చెప్పేదాకా ఆపలేదు.

"అన్నా, ఒక మాట అడగల్నా?" అంది ఇంటామె.

"అడుగమ్మా."

"ఈ సైకిలు యాడికన్నా పోతాదా?"

"ఈడ్నే ఉంటాదమ్మా."

"అడ్డం గేదెలొస్తాయా? ఆటోలొస్తాయా?"

"ఇంట్లోకి యాలొస్తాయమ్మా."

"పక్కకు పడిపోతాదా?"

"పడదు. నాలుగు పక్కలా కాళ్ళుండాయి, నేనే బిగించినా."

"పోదు, ఆగేపని ల్యా, పడదు. మల్ల కాలు కింద యాలా ఆనల్లన్నా?"

నేను సైకిలు వైపు చూశాను. దానికి నాలుగు రబ్బరు కాళ్ళు. నేనే బిగించిన నాలుగు రబ్బరు కాళ్ళు. రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో బిగించానో అన్ని రబ్బరు కాళ్ళూ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఏదో ఒకటి అని నవ్వించి బయటపడదామని బుర్రంతా వెతికాను. ఒక్క జోకూ దొరకలేదు.

ఆమె ఆపలేదు. "పోయినేడు నా మిషను స్టూలు విరిగింది. కొత్తది చేయించేదాకా పీట మింద కుచ్చోని తొక్కినా. వారానికే రెండు మోకాళ్ళూ పట్టుకున్నాయి. ఎత్తు స్టూలు వచ్చినాక నొప్పి పోయింది. ఈయప్పకు నువ్వు సైకిలు బిగించిన పొద్దే చెప్పినా, సైకిలన్నకు ఫోను చేసి సీటు ఎత్తమను అని. ఈయప్ప నీ గేరు జోకే మల్ల చెప్పి నవ్వినాడు."

"నీ మాట ఆయన్న ఇంటాడా అని..." అని నసిగాడు డ్రైవరు.

"ఇప్పుడు ఇంటాండాడు గదా. నువ్వు గేటు కాడికి పోయినాక."

స్పానరు తీశాను. నట్టు వదులు చేసి సీటును పైకి లాగాను. తప్పు తెలిసిన మనిషికి తొందర ఎక్కువ కదా, ఎంత వస్తే అంత లాగాను. డ్రైవరు ఎక్కి తొక్కాడు. ఈసారి పెడలు కిందికి పోయినప్పుడల్లా నడుము ఒక పక్కకు జారుతోంది, కాలివేళ్ళు పెడలు కోసం వెతుక్కుంటున్నాయి.

"ఇదేందన్నా, తిరగలి విసిరినట్ల ఊగుతాండాడు?" అంది ఆమె.

"ఇప్పుడు మోకాలి వెనక నరం గుంజుతాండాది," అన్నాడు అతను.

తక్కువైనా నొప్పే, ఎక్కువైనా నొప్పే. మధ్యలో ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ అద్దె సైకిళ్ళు, అప్పటికి ఎనిమిదేళ్ళ నిలబడ్డ సైకిళ్ళు, అయినా సీటు ఎంత ఎత్తుండాలో నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఒక లోటా మంచినీళ్ళు పట్టింది.

ఇంటామె లేచి మిషను సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. సైకిలుతో వచ్చిన పుస్తకమే. "నట్లు పోసుకోని, పోతా పోతా ఈడ్నే పారేసినావు. కాయితం బాగుండాదని జాకెట్ల కొలతలు రాసుకుంటాండా," అంది. పేజీల అంచుల నిండా కల్లూరు ఆడవాళ్ళ భుజాలు, చేతులు, మెడలు అంకెల్లో ఉన్నాయి. వాటి మధ్య ఒక బొమ్మ. సైకిలు మీద మనిషి. పెడలు అన్నింటికంటే కింద ఉన్నప్పుడు దాని మీద మడమ పెట్టాడు, కాలు నిటారుగా ఉంది. పక్కన ఇంకో బొమ్మ. అదే సీటు, అదే మనిషి, పాదం ముందు భాగం పెడలు మీద పెట్టాడు, మోకాలు కొంచెం వంగింది. ఇంగ్లీషు అక్కర్లేదు. ఏడో తరగతి అక్కర్లేదు. అసలు బడి గుమ్మం తొక్కాల్సిన పనే లేదు. ఎనిమిదేళ్ళు ఆ బొమ్మ మీదే నేను నట్లు పోశాను.

అట్లాగే చేశాం. చెప్పులు విప్పించి, మడమ పెట్టించి, నడుము పక్కకు జారకుండా కాలు సరిగ్గా చాపుకునే చోటికి సీటును దించి బిగించాను. తర్వాత పాదం ముందుకు జరిపితే మోకాలిలో చిన్న వంపు వచ్చింది. ఇంకో బొమ్మ చూసి, పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు మోకాలు పెడలును దాటి ముందుకు పోకుండా సీటును ఒక మెట్టు వెనక్కి జరిపాను. గుండీ బిగింపు మొత్తం వదులు చేశాను. అది వదులు చేస్తుంటే నా సొంత తెలివి కూడా దాంతోపాటు వదులవుతున్నట్టు అనిపించింది.

ఆమె టేపు తెచ్చి, నేను మొదట పెట్టిన ఎత్తుకూ ఇప్పటి ఎత్తుకూ తేడా కొలిచింది. "అయిదు ఇంచీలన్నా! జాకెట్టులో అర ఇంచీ తేడా వస్తే నన్ను ఇంటి ముందర నిలబెట్టి తిడ్తారు," అని, సీటు కడ్డీ మీద గుడ్డలకు గీసే సుద్దతో గీత గీసింది.

డ్రైవరు తొక్కడం మొదలుపెట్టాడు. బయట షేర్ ఆటోవాడు జనాన్ని పిలుస్తున్నాడు. రెండు నిమిషాలకు నేను ఆగలేక, "ఏమప్పా?" అన్నాను.

"గమ్మునుండన్నా. నొప్పి వస్తాదేమో అని చూస్తాండా."

అయిదు నిమిషాలు చూశాడు. రాలేదు. ఇంకో రెండు నిమిషాలు చూస్తానన్నాడు గానీ ఇంటామె ఆపేసింది. వాపు ఉన్నవాళ్ళు మొదటి రోజే సంబరపడకూడదని ఆమె ఉద్దేశం. దిగి, మోకాలి చిప్ప మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడని నేను రాయొచ్చు, కథ బాగుంటుంది. కానీ చెమట తుడుచుకున్నాడు.

అద్భుతం ఏమీ జరగలేదు. వాపు తగ్గడానికి కొన్ని రోజులు పూర్తిగా మానేశాడు. తర్వాత అయిదు నిమిషాలు, వారం ఆగి పది, ఆ తర్వాత పావుగంట. గాలిలో తొక్కినట్టు తేలిగ్గా తొక్కేవాడు. నొప్పి వస్తే దిగిపోయేవాడు. నెలకు ఒకసారి గుండీ కొంచెం, చాలా కొంచెం బిగించేవాళ్ళం, అదీ ఆమె అనుమతితో.

ఇక మిగతా ఇళ్ళు. ఓనరుకు సంగతి చెప్పాను. "యాడా అనొద్దప్పా! షాపు పరువు పోతాది," అన్నాడు. రెండు రోజులు నేను పని చేస్తున్నట్టు నటించి పని చేయకపోయేసరికి మెత్తబడ్డాడు. "సరే, పోయి అన్నీ సరిచెయ్యి. అయితే సర్వీసు అని చెప్పు, తప్పు అని చెప్పొద్దు." అట్లా రెండు జిల్లాల్లో నా తప్పు సర్వీసు పేరుతో తిరిగింది. జనం కాఫీలు కూడా ఇచ్చారు.

మంగంపేటలో ముగ్గురాయి గనుల నుంచి లారీలు తిప్పే ఒక ఆసామి ఇంట్లో సైకిలు కనపడలేదు. ఎనిమిది చొక్కాలు, రెండు లుంగీలు తీశాక దొరికింది. సీటు ఎత్తుతుంటే, "ఇంగా పైకి ల్యాపు, లుంగీ నేలకు తగల్కుండా ఆర్తాది," అన్నాడు. అతనికి మోకాళ్ళ నొప్పి లేదు. ఎట్లా వస్తుంది?

కడపలో మాత్రం సర్వీసు అనలేకపోయాను. బడి నుంచి రిటైరైన ఒక టీచరమ్మ. ఒంటరి మనిషి. రెండేళ్ళుగా క్రమం తప్పకుండా రోజూ తొక్కుతోంది, నేను పెట్టిన ఎత్తులోనే. నేను సీటు ఎత్తాక తొక్కి చూసి, దిగి, "ఇదేమి నాయనా, మోకాళ్ళు ఇంత హాయిగా ఉండాయి?" అంది. అప్పుడు చెప్పింది, చర్చిలో అందరూ మోకరించేటప్పుడు తను బెంచీ మీదే కూర్చుంటోందట, వయసు వచ్చింది కాబోలు అనుకుని. నేను బనీను మీది బొమ్మ వైపు చూస్తూ అంతా చెప్పేశాను. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత అంది, "రెండేళ్ళుగా దేవుణ్ణి అడుగుతాండా నాయనా, నా మోకాళ్ళు ఎందుకు తీసుకున్నావని. పాపం ఆయనకేం తెలుసు, తీసుకున్నది నువ్వని!" నన్ను తిట్టలేదు. కానీ టీచర్లకు తిట్టకుండా తిట్టడం వచ్చు. ఏడో తరగతి తర్వాత అంత సిగ్గుతో ఏ టీచరు ముందూ నిలబడలేదు.

మూడు నెలలు గడిచాయి. పరీక్ష రోజు నేను పని మానేసి ఆసుపత్రి బయట టీ బంకు దగ్గర నిలబడ్డాను. డ్రైవరు బయటికి వచ్చి చెప్పాడు. డాక్టరు కూర్చోమంటే కూర్చున్నాడు, లేవమంటే లేచాడు, మేజాను ముట్టుకోలేదు. ఇంకోసారి అన్నారు, చేశాడు. మూడోసారి అడక్కుండానే కూర్చుని లేచాడట. "చాలు పోవయ్యా, మాకు వేరే వాళ్ళుండారు," అన్నారట.

ఆ వారమంతా పాతబస్తీ నుంచి కల్లూరు దాకా ఆ మోకాలిని బాగుచేసింది నేనేనని చెప్పుకున్నాను. అబద్ధం కాదు, స్పానరు నాదే. అతను మళ్ళీ స్టీరింగు ఎక్కే రోజు పొద్దున, మంత్రాలయంలో స్వామి దర్శనం ఉందని ఇంట్లో చెప్పి బస్టాండుకు పోయాను. డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చున్నాను. బస్సు నిండింది. అతను ఎక్కాడు, కూర్చున్నాడు, చెయ్యి సీటు కిందికి పోయింది. కొంచెం పైకి ఎత్తాడు. క్లచ్చి తొక్కి చూశాడు. వెనక్కి జరిపాడు. మళ్ళీ తొక్కి చూశాడు. మళ్ళీ దించాడు. వెనక నుంచి ఎవరో, "ఏమప్పా, ఈ పొద్దు పోయేదుండాదా?" అని అరిచారు.

నేను ఎంతో ప్రేమగా ముందుకు వంగి, చెయ్యి చాపి, "అప్పా, నేను రోంత సరిచేసేదా?" అన్నాను.

అతను వెనక్కి కూడా తిరగలేదు. గేరు వేస్తూ అన్నాడు:

"చెయ్యి వెనక్కి తీస్కోన్నా. ఆ పొద్దు నా ఒక్కని మోకాలే. ఈడ యాభై మంది ఉండారు."